వంతగా నిలిచే సహాధ్యాయి: విద్యార్థి రచనాసహాయకుల శిక్షణ – పల్నాటి నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తోటివిద్యార్థి రాసిన చిత్తుప్రతిని చదివి, దాన్ని అతడే మెరుగుపరచుకునేలా తోడ్పడే విద్యార్థిని పాశ్చాత్య విద్యారంగం ‘పీర్ ట్యూటర్’ అని వ్యవహరిస్తున్నది. ఈ వ్యాసం అతణ్ణి ‘సహాధ్యాయి సహాయకుడు’ అని పేర్కొంటుంది. ఇటువంటి సహాయకులకు ఎలాంటి శిక్షణ అవసరమన్నది ఇందులోని ప్రధానప్రశ్న. వీధిబడిలోని పెద్దవిద్యార్థి, బ్రూక్లిన్ కళాశాలలో రూపొందిన సహాధ్యాయి సహాయకుడు, బుర్రకథలోని వంత అనే మూడు నమూనాలను ఈ వ్యాసం తులనాత్మకంగా పరిశీలిస్తుంది. తప్పులు దిద్దే నైపుణ్యం కంటే ముందు, ప్రశ్నించగల పాఠకుడిగా నిలిచే నైపుణ్యం శిక్షణకు కేంద్రం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సహాధ్యాయి సహాయకుడు, రచనాబోధన, వీధిబడి, మద్రాసు పద్ధతి, బుర్రకథ, వంత, పల్నాడు, గురజాల, ప్రామాణికభాష.

1. ఉపోద్ఘాతం:

పల్నాటి వీరుల కథలో గురజాల నలగామరాజు రాజధాని. నేడది 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. మిర్చి, పత్తి పండే పల్లెల నుంచి, పిడుగురాళ్ల సున్నపుబట్టీల పరిసరాల నుంచి డిగ్రీ చదువుకు వచ్చే విద్యార్థుల్లో చాలామందికి కుటుంబంలో తమకంటే ముందు కళాశాల మెట్లెక్కినవారు ఉండరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి అమలైన సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు చేరాయి. వాటి ఫలితంగా విద్యార్థి సొంతంగా నివేదిక రాయక తప్పని స్థితి వచ్చింది. ఊరిని చూసి, మనుషులతో మాట్లాడి, విన్నదాన్ని క్రమబద్ధంగా రాయడం గొప్ప అవకాశమే. అయితే అందుకు అవసరమైన రచనాబోధన ఆ స్థాయిలో పెరగలేదు.

సాధారణంగా కళాశాల విద్యార్థి రచనకు ఒకే పాఠకుడుంటాడు. అతడు మార్కులు వేసే అధ్యాపకుడు. రచన పూర్తయ్యాకే అతడి చేతికి వస్తుంది. అప్పటికి మార్చుకునే వ్యవధి ఉండదు. ఈ లోటు డిగ్రీతో ఆగదు. సిద్ధాంతగ్రంథం సమర్పించే నాటికి తన అధ్యాయాలను పర్యవేక్షకులు తప్ప మరొకరు చదవని పరిశోధకులు కూడా ఉన్నారు. చదివేవారు లేని రచన క్రమంగా ఎవరికోసమూ కాని రచనగా మారుతుంది. ఇతర నివేదికల నుంచి పేరాలు ఎత్తిరాయడాన్ని నైతికలోపంగా మాత్రమే చూడటం పరిపాటి. తన మాట ఎవరైనా చదువుతారన్న నమ్మకం లేకపోవడం కూడా దానికి ఒక మూలం.

ఈ లోటును పూడ్చగల మార్గాల్లో సహాధ్యాయి సహాయం ఒకటి. కానీ శిక్షణ ఏ దిశలో ఉండాలో తేల్చుకోకుండా ఆరంభిస్తే అది చిన్న అధ్యాపకులను తయారుచేసే ఏర్పాటుగా మిగిలిపోతుంది. ఈ ప్రమాదానికి చారిత్రక ఆధారం తెలుగునేల మీదే ఉంది.

2. వీధిబడిలోని పెద్దవిద్యార్థి:

విద్యార్థి విద్యార్థికి నేర్పడం తెలుగువారికి కొత్త కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యాసర్వేలో భాగంగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఇందుకు ముఖ్యమైన సాక్ష్యం. ఆయన తెలుగు వ్యాకరణాన్ని, నిఘంటువును కూర్చిన భాషావేత్త కూడా. నాటి బళ్లారి జిల్లాలో ఆయన లెక్కించిన 533 పాఠశాలల్లో 226 తెలుగువి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, కింది తరగతులను కొంతవరకు పైతరగతి విద్యార్థులే చూసుకోవడం ఆ నివేదికలో వర్ణితమయ్యాయి. ముందున్న విద్యార్థి వెనకున్నవాడికి నేర్పుతూ తన చదువును గట్టిపరచుకునే ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సముచితమేనని కూడా అభిప్రాయపడ్డాడు.

ఆ అనుకరణకు కర్త ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులోని బాలుర అనాథశరణాలయానికి పర్యవేక్షకుడిగా ఉన్నప్పుడు ఆయన దేశీయ పాఠశాలలోని ఇసుకరాతను చూశాడు. తన బడిలో ప్రవేశపెట్టబోతే ఉపాధ్యాయులు సహకరించలేదు. అప్పుడు ఎనిమిదేళ్ల బాలుడికి ఆ బాధ్యత అప్పగించి ఫలితం సాధించాడు. 1797లో లండనులో ఆయన ప్రచురించిన గ్రంథం ద్వారా ఇది ‘మద్రాసు పద్ధతి’గా ప్రసిద్ధమైంది. జోసెఫ్ లాంకాస్టరు అటువంటి పద్ధతినే విస్తృతంగా అమలుచేశాడు. ఒక్క ఉపాధ్యాయుడితో వందలమందికి చదువు చెప్పించగల చవక ఏర్పాటు కావడం దాని వ్యాప్తికి ముఖ్యకారణం.

ఇంతవరకు చెప్పుకుని గర్వించడం సులభం. అయితే క్యాంప్‌బెల్ నివేదికలో రెండోభాగం కూడా ఉంది. పిల్లలు పెక్కు పద్యాలు అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారని, పుస్తకభాష వ్యవహారభాషకు దూరంగా ఉండటం అందుకు ఒక కారణమని ఆయన గుర్తించాడు. మెప్పు, ఆక్షేపణ ఒకే నివేదికలో ఉండటం యాదృచ్ఛికం కాదు. పెద్దవిద్యార్థి తాను కంఠస్థం చేసినదాన్ని మరొకరికి అందించగలడు. తనకు ఎవరూ వివరించని అర్థాన్ని అందించలేడు. ‘అ’ అనే అక్షరానికి సరైన రూపం ఒక్కటే. దాన్ని దిద్దించడానికి పెద్దవిద్యార్థి చాలు. వ్యాసానికి, నివేదికకు ముందుగా నిర్ణయమైన సరైన రూపం ఉండదు. అక్కడ సమాధానం తెలిసినవాడి కంటే సమాధానం కోసం ఆసక్తిగా అడిగేవాడు అవసరం. అక్షరాభ్యాసానికి చక్కగా పనికివచ్చిన నమూనాను రచనాభ్యాసానికి యథాతథంగా అన్వయించడమే మొదటి పొరపాటు.

3. బ్రూఫీ ప్రతిపాదన – తదనంతర చర్చ:

రచనలో సహాధ్యాయి పాత్రను సిద్ధాంతీకరించినవారిలో కెనెత్ బ్రూఫీ ప్రముఖుడు. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయం 1970లో ప్రవేశాలను విస్తృతం చేయగా అంతవరకు ఉన్నతవిద్యకు దూరంగా ఉన్న వర్గాల విద్యార్థులు పెద్దసంఖ్యలో చేరారు. వారికి సంస్థాగతంగా ఏర్పాటు చేసిన సహాయాన్ని పలువురు వినియోగించుకోలేదు. తరగతిగది వాతావరణాన్నే కొనసాగించే సహాయం వారిని ఆకర్షించలేదు. ఈ అనుభవం నుంచి బ్రూక్లిన్ కళాశాలలో బ్రూఫీ విద్యార్థులనే సహాయకులుగా తీర్చిదిద్దాడు. ఆలోచన అనేది మనసులోకి తీసుకున్న సంభాషణ అని, రాత ఆ సంభాషణను తిరిగి సమాజంలోకి తెచ్చే పని అని 1984 నాటి వ్యాసంలో ప్రతిపాదించాడు. కాబట్టి బాగా రాయాలంటే ముందు రచన గురించి బాగా మాట్లాడుకోవాలి. ఆయన శిక్షణలో సహాయకులు తామే వ్యాసాలు రాసి, ఒకరివొకరు విమర్శించుకునేవారు. ఆ విమర్శ కూడా ముందు వర్ణన, తర్వాత మూల్యాంకనం అనే క్రమంలో సాగేది. ఈ క్రమం చాలా విలువైనది. రచనలో ఏముందో చెప్పలేనివాడు అది బాగుందో లేదో చెప్పడానికి అర్హుడు కాడు.

అదే 1984లో స్టీఫెన్ నార్త్ రచనాకేంద్రం లక్ష్యం రచనను కాక రచయితను మెరుగుపరచడమని వాదించాడు. జాన్ ట్రింబర్ 1987లో ‘సహాధ్యాయి’, ‘శిక్షకుడు’ అనే మాటల మధ్యే వైరుధ్యముందని చూపాడు. శిక్షణ పెరిగేకొద్దీ విద్యార్థి అధ్యాపకుడి పక్షానికి జరుగుతాడు. తోటివాడుగా ఉన్న బలాన్ని కోల్పోతాడు. మరోవైపు, విద్యార్థి చేతనే అంతా చేయించాలి, సహాయకుడు ఏదీ నేరుగా చెప్పకూడదు అనే ధోరణి 1990ల నాటికి ఒక నియమంలా స్థిరపడింది. దాన్ని లిండా షమూన్, డెబొరా బర్న్స్ 1995లో ప్రశ్నించారు. నిపుణుడు చేసి చూపడం ద్వారా నేర్పే రంగాలు అనేకం ఉన్నాయని వారు గుర్తుచేశారు.

ఈ చివరి ఆక్షేపణకు గురజాల వంటి చోట మరింత బరువుంటుంది. ఉపయుక్తగ్రంథాలను ఎలా చూపాలో ఎప్పుడూ వినని విద్యార్థిని ‘ఎలా చూపితే బాగుంటుందనుకుంటున్నావు?’ అని అడగడం ఔదార్యం కాదు, అది తెలిసినవారు దాచుకోవడమే. ఇంట్లో పుస్తకాలున్న విద్యార్థికి పరోక్షసూచన చాలు. మొదటితరం విద్యార్థికి నేరుగా చెప్పాలి. అందువల్ల శిక్షణలో తేల్చుకోవలసిన మొదటి సంగతి అడగవలసినవి ఏవి, చెప్పవలసినవి ఏవి అన్న వివేచన. ఆకృతి, ఉటంకింపు నియమాలు, లిపిదోషాలు చెప్పవలసినవి. విషయం, దృక్పథం, ఆధారం, క్రమం అడగవలసినవి.

4. వంత – కథాసంప్రదాయం ఇచ్చే నమూనా:

ఈ వివేచనకు రూపం ఇవ్వగల నమూనా పల్నాటి కథను పాడిన కళల్లోనే లభిస్తుంది. పల్నాటి వీరుల కథను తరతరాలుగా గానం చేసినవారిలో వీరవిద్యవంతులు ముఖ్యులు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో శ్రీనాథుడి పేరిట ఉన్న కావ్యాన్ని ప్రచురించగా, అలిసెట్టి గాలెయ్య గానం చేసిన మౌఖికకథను జీన్ రోఘైర్ 1982లో ఆంగ్లంలో గ్రంథస్థం చేశాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా వేలాదిమందికి చేర్చాడు.

బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. వారి పనిని విశ్లేషిస్తే మూడు అంశాలు కనిపిస్తాయి. పల్లవి అందుకుని కథకుడికి ఊపిరి తీసుకునే వీలిస్తారు. శ్రోతల మనసులో మెదిలే సందేహాన్ని వారి తరఫున పైకి అడిగి, కథకుడు విడమరచి చెప్పేలా చేస్తారు. కథను ప్రస్తుత జీవితంతో ముడిపెడతారు. ఈ మూడూ చేస్తూ కూడా కథను తమ చేతుల్లోకి తీసుకోరు. కథకుడు కథకుడిగానే ఉంటాడు. రచనాసహాయం గురించి ఇంతకంటే స్పష్టమైన నిర్వచనం ఇవ్వడం కష్టం.

ఇక్కడ ఒక భాషాంశం గమనార్హం. వాడుకలో ‘వంతపాడటం’ అంటే ఎదుటివారు చెప్పినదానికల్లా తల ఊపడం. కళలోని వంత, వాడుకలోని వంతపాట పరస్పరవిరుద్ధాలు. మంచి వంత కథకుణ్ణి ఆపుతాడు, నిలదీస్తాడు, నవ్విస్తాడు. సహాధ్యాయి సహాయకుడికి ఎదురయ్యే రెండు ప్రమాదాలను ఈ పోలిక వెలికితీస్తుంది. ఒకటి పెద్దవిద్యార్థిగా మారి బెత్తం పట్టుకోవడం. రెండోది స్నేహం చెడుతుందని భయపడి ‘బాగుంది’ అనేసి తప్పుకోవడం. తెలుగు తరగతిగదుల్లో రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

అవధానంలోని పృచ్ఛకుణ్ణి కూడా నమూనాగా తీసుకోవచ్చన్న ఆలోచన కలుగుతుంది. కానీ పృచ్ఛకుడి ప్రశ్న అవధానిని పరీక్షించడానికి ఉద్దేశించింది. వంత ప్రశ్న కథను ముందుకు నడపడానికి ఉద్దేశించింది. వంత నమూనాకూ పరిమితి లేకపోలేదు. వంతకు కథ ముందే తెలుసు. ప్రశ్నలు సాధన చేసినవి. సహాయకుడికి ఎదుటి విద్యార్థి కథ తెలియదు. అందువల్లే అతడి ప్రశ్న నిజమైన ప్రశ్న కావాలి. జవాబు ముందే మనసులో ఉంచుకుని అడిగే ప్రశ్న పరీక్షే అవుతుంది.

5. శిక్షణ స్వరూపం:

పై వివేచన ఆచరణలో ఎలా ఉంటుందో చూడటానికి ఊహించిన ఒక చిత్తుప్రతిని పరిశీలించవచ్చు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు నివేదికలో ఒక విద్యార్థిని ఇలా రాసిందనుకుందాం: “మా మండలములో మిర్చి రైతులకు అనేక సమస్యలు కలవు. పెట్టుబడి ఎక్కువ అగుచున్నది. దిగుబడి తక్కువ అగుచున్నది. ప్రభుత్వము తగు చర్యలు తీసుకొనవలెను.”

ఇందులో అక్షరదోషాలు లేవు. దిద్దడానికి అలవాటుపడిన సహాయకుడికి ఇక్కడ పని దొరకదు. వంతపాడేవాడు మెచ్చుకుంటాడు. అయితే ఈ వాక్యాలు ఏ జిల్లాకైనా, ఏ పంటకైనా సరిపోతాయి. వీటిలో రాసిన మనిషి లేదు, చూసిన చేను లేదు. శిక్షణ పొందిన సహాయకురాలు ముందుగా తనకు అర్థమైనదాన్ని తిరిగి చెబుతుంది: “రైతుకు ఖర్చు పెరిగింది, పంట తగ్గింది అంటున్నావు.” తర్వాత అడుగుతుంది: “నువ్వు మాట్లాడిన రైతు ముందుగా ఏ సంగతి చెప్పాడు?” రాసిన విద్యార్థిని నోటి నుంచి అప్పుడు వచ్చే మాట వేరుగా ఉంటుంది: “నల్లతామర పురుగు పడిన ఏడాది ఎన్ని మందులు కొట్టినా పూత నిలవలేదన్నాడు. కోతకూలి కూడా రాదని చేను వదిలేశాడంట.” సహాయకురాలు చేయవలసింది ఇక ఒక్కటే: “ఈ మాట నీ నివేదికలో ఎక్కడుంది?”

2021–22 కాలంలో నల్లతామర పురుగు రాష్ట్రంలోని మిర్చిపంటను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ విద్యార్థిని చెప్పిన రెండు వాక్యాల్లో కాలం, కారణం, పర్యవసానం ఉన్నాయి. అది పరిశోధనకు ముడిసరుకు. ఆ మాటను రాబట్టడం ప్రశ్న సాధించిన పని. దాని తర్వాత చెప్పవలసినవి వస్తాయి. ఏ ఊరు, ఏ తేదీన మాట్లాడారో నమోదు చేయాలని, రైతు అనుమతి లేకుండా పేరు రాయకూడదని, ఒక్క రైతు మాటను మండలమంతటికీ ఆపాదించకూడదని సహాయకురాలు నేరుగా చెప్పవచ్చు.

ఈ దృష్టితో శిక్షణను నాలుగు దశలుగా ప్రతిపాదించవచ్చు. మొదటిది, సహాయకులుగా ఎంపికైనవారు తమ చిత్తుప్రతులనే తెచ్చి చదివించుకోవడం. తన రచన మరొకరి చేతిలో ఉన్నప్పటి బెరుకు తెలియనివాడు ఎదుటివాడి బెరుకును గుర్తించలేడు. రెండోది, తీర్పు లేకుండా రచనను వర్ణించడం. ప్రతి పేరా ఏం చెబుతున్నదో, ఏం చేస్తున్నదో ఒక్కో వాక్యంలో రాయాలి. మూడోది, జవాబు తెలియని ప్రశ్న అడగడం, అడిగాక మౌనంగా వేచి ఉండటం. నాలుగోది, చెప్పవలసినవాటిని సూటిగా చెప్పడం. నాలుగు దశలకూ వర్తించే నియమం ఒకటుంది. కలం ఎప్పుడూ రచయిత చేతిలోనే ఉండాలి. సహాయకుడు కలం అందుకున్న క్షణంలో వంత కథకుడై కూర్చుంటాడు.

6. భాషాప్రామాణికత – సహాయకుడి బాధ్యత:

పై చిత్తుప్రతిలోని ‘కలవు’, ‘అగుచున్నది’, ‘తీసుకొనవలెను’ అన్న రూపాలు యాదృచ్ఛికం కావు. రాత అంటే మాటకు దూరంగా ఉండాలన్న భావన విద్యార్థి మనసులో ఇంకా బలంగా ఉంది. 1913లో గిడుగు రామమూర్తి ఆధునికాంధ్రం గురించి సమర్పించిన విజ్ఞాపనపత్రానికి, 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతిపత్రానికి నేపథ్యం విద్యార్థుల వ్యాసరచనే. విద్యార్థి ఏ భాషలో రాయాలన్నది నాటి వివాదం. గ్రాంథికాన్ని సమర్థించే పండితులే ఆ భాషను నిర్దుష్టంగా రాయలేకపోతున్నారని గిడుగు వారి రచనల నుంచే ఉదాహరణలతో నిరూపించారు. తప్పులు పట్టే అధికారం మీద అంతకంటే పదునైన విమర్శ తెలుగులో అరుదు. సహాయకుల శిక్షణలో ఈ చరిత్రకు చోటుండాలి. దిద్దబోయే ముందు తన ప్రమాణం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం వారి బాధ్యత.

మాండలిక పదాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. తాలుకాయలు, కల్లం వంటి వ్యవసాయపదాలను తీసేసి సాధారణపదాలు పెడితే నివేదిక శుద్ధమైనట్లు కనిపిస్తుంది కానీ సమాచారం పోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయపదాలతోనే మొదలైంది. రైతు మాట శాస్త్రానికి ఆకరమని ఆ గ్రంథం నిరూపించింది. సహాయకుడు ఆ పదాన్ని కొట్టివేయక, తెలియని పాఠకుడి కోసం ఒక వాక్యంలో వివరించమని అడగాలి.

మాధ్యమం మరో సమస్య. 2021–22 నుంచి డిగ్రీ కళాశాలల్లో ఆంగ్లమాధ్యమమే ఉండాలన్న ప్రభుత్వ నిర్ణయంతో నివేదికలు ప్రధానంగా ఆంగ్లంలో రాయవలసి వస్తున్నది. రైతు తెలుగులో చెప్పాడు, విద్యార్థి తెలుగులో విన్నాడు, రాసేది మాత్రం ఆంగ్లంలో. మధ్యలో విషయం జారిపోతుంది. చిత్తుప్రతి ఆంగ్లంలో ఉన్నా దాని గురించిన సంభాషణ తెలుగులో సాగడం సహాధ్యాయి సహాయంలోని ప్రత్యేకసౌలభ్యం. ఆ సౌలభ్యాన్ని లోపంగా భావించి సంభాషణను కూడా ఆంగ్లంలోకి మార్చితే ఉన్న ఒక్క వంతెనా కూలుతుంది.

7. సమానత్వం – ఆక్షేపణలు:

‘సహాధ్యాయి’ అన్నంత మాత్రాన సమానులైపోరు. కులం, లింగం, ఊరు, చదివిన బడి తరగతిగదిలోకి కూడా వస్తాయి. పల్నాడులోనే వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ జీవితం, కవిత్వం చెప్పే అర్హత ఎవరికుందన్న ప్రశ్నను పుట్టుకతో ముడిపెట్టిన సమాజానికి సాక్ష్యం. ఎక్కువ మార్కులు వచ్చినవారినే సహాయకులుగా ఎంపిక చేస్తే పాత అంతరాలే కొత్త పేరుతో కొనసాగుతాయి. రాయడంలో తాను పడిన ఇబ్బందిని గుర్తుంచుకున్న విద్యార్థి తరచుగా మెరుగైన సహాయకుడవుతాడు. ఎంపికలో ఈ వైవిధ్యం ఉద్దేశపూర్వకంగా ఉండాలి.

రెండో ఆక్షేపణ వనరులకు సంబంధించింది. మద్రాసు పద్ధతి ఇంగ్లండులో వ్యాపించడానికి చవకదనం ముఖ్యకారణమన్నది మరువరాదు. ఖాళీగా ఉన్న అధ్యాపకపదవులకు విద్యార్థులు ప్రత్యామ్నాయం కారాదు. సహాయకుల శిక్షణకు అధ్యాపకుడి సమయం మరింత కావాలి. సహాయకుల పనికి క్రెడిట్ రూపంలోనైనా గుర్తింపు ఉండాలి. మూడోది, ఒకరి రచనలో మరొకరి పాలు ఎంత అన్న సందేహం. కలం రచయిత చేతిలో ఉండాలన్న నియమం, ప్రతి సమావేశం తర్వాత సహాయకుడు రాసే చిన్న నివేదిక ఈ సందేహానికి సమాధానాలు. అధ్యాపకుడు ఆ నివేదికల్లో వెతకవలసింది ఎన్ని తప్పులు దిద్దారన్నది కాదు, ఏ ప్రశ్న అడిగినప్పుడు రచన మలుపు తిరిగిందన్నది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. వీధిబడిలోని పెద్దవిద్యార్థి నమూనా అక్షరాభ్యాసానికి తగినది. రచనాభ్యాసానికి అది చాలదు. బ్రూఫీ ప్రతిపాదించిన సంభాషణాత్మక పద్ధతి ఉపయుక్తమైనా, మొదటితరం విద్యార్థుల విషయంలో నేరుగా చెప్పడానికి కూడా చోటివ్వాలి. అడగవలసినవాటిని, చెప్పవలసినవాటిని వేరుచేసుకోవడం శిక్షణలో ప్రధానాంశం. ప్రశ్నిస్తూనే కథను కథకుడికే వదిలే వంత ఇందుకు దేశీయ నమూనా. సహాయకుడి భాషాదృష్టి మాండలికాన్ని దోషంగా కాక ఆకరంగా గుర్తించాలి.

డిగ్రీ స్థాయిలో దీన్ని ఆరంభించడానికి పెద్ద వ్యవస్థ అవసరం లేదు. ఇద్దరు విద్యార్థులు, ఒక చిత్తుప్రతి, సమర్పణకు ముందు కొంత వ్యవధి ఉంటే చాలు. పరిశోధన స్థాయిలోనూ అంతే. అధ్యాయాన్ని పర్యవేక్షకుడికి ఇచ్చే ముందు తోటిపరిశోధకుడి చేత చదివించడం శాఖాపరమైన అలవాటు కావాలి. పల్నాటి రైతు చెప్పిన మాట నివేదికలోకి చేరాలంటే, ఆ మాట ఎక్కడుందని అడిగే మనిషి ఒకరు పక్కన ఉండాలి.